ఘనా సెలవుల జాబితాలో లేని పండగలు

2025 మధ్యలో ఘనా పార్లమెంటు సెలవుల చట్టాన్ని మరోసారి మార్చింది. జూలై 1 రిపబ్లిక్ డే మళ్లీ సెలవైంది. ఆగస్టు 4న జరిగే జాతి నిర్మాతల దినం పోయింది. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా పుట్టినరోజైన సెప్టెంబర్ 21 తిరిగి జాతి నిర్మాత దినమైంది. రంజాన్‌కి ఇంకో రోజు కలిసింది. ఈ వార్త ఘనా రాజధాని అక్రాలోని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి రాగానే అందరూ అడిగింది ఒకటే: ఇంతకీ సెలవులు పెరిగాయా, తగ్గాయా? నాకు మాత్రం ఆ జాబితాలో ఉన్నవాటి కన్నా అందులో లేనివాటి గురించి రాయాలనిపించింది.

అక్రాలో ఒక ప్లాస్టిక్ సామాన్ల కంపెనీలో కొన్నేళ్లు అకౌంట్స్ చూశాను. ఏటా డిసెంబర్ ఆఖర్లో రాబోయే ఏడాది సెలవుల జాబితా టైప్ చేసి నోటీసు బోర్డుకి అంటించడం కూడా నా పనే. సెలవు రోజున పనికొచ్చిన వాళ్లకి జీతం వేరేగా లెక్క కట్టాలి. ఒక్క తేదీ అటూ ఇటూ అయితే నెలాఖరు లెక్క మొత్తం తిరగరాయాలి. అందుకని ఆ జాబితాని వరస తప్పకుండా చదివేదాన్ని. క్రిస్మస్, బాక్సింగ్ డే, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం ఉంటాయి. రంజాన్, బక్రీద్ ఉంటాయి. మే డే, స్వాతంత్ర్య దినం, రాజ్యాంగ దినం, రైతుల దినం ఉంటాయి. హోమోవో ఉండదు. ఒద్విరా ఉండదు. అబోఆచిర్ ఉండదు, హోగ్బెత్సొత్సొ ఉండదు, ఉత్తరాది దాంబా ఉండదు. ఘనా టూరిజం పోస్టర్ల నిండా కనిపించే ఆ పండగల్లో ఒక్కటి కూడా దేశం మొత్తానికి సెలవు కాదు.

మొదట్లో ఇది అన్యాయమనే అనుకున్నాను. అక్కడ ఉన్న కొద్దీ నా ఆలోచన వేరే దారి పట్టింది. ఇప్పుడు నేను నమ్మేది ఇది: ఆ పండగలు సర్కారు జాబితాలోకి ఎక్కకపోవడం వల్లే ఎవరి చేతికీ చిక్కకుండా మిగిలాయి. అక్కడి జనానికి కావలసింది దేశం మొత్తం మూతపడే ఇంకో రోజు కాదు. తమ పండగకి తాము వెళ్లే హక్కు, ఆ పండగ జరుపుకునే చోట కాస్త మన్నన. ఈ మాటకి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి, ముఖ్యంగా తెలంగాణ నుంచి వెళ్లిన నాలాంటి మనిషికి. వాటిని దాటేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

పార్టీతో పాటు మారే తేదీలు

సెప్టెంబర్ 21 సంగతే చూడండి. 2009లో జాన్ అట్టా మిల్స్ ప్రభుత్వం ఎన్‌క్రుమా పుట్టినరోజును జాతి నిర్మాత దినంగా సెలవు చేసింది. ఒక్క నిర్మాత, ఒక్క మనిషి. ఆ తరవాత వచ్చిన నానా అకుఫో-అడో ప్రభుత్వం 2019లో చట్టం మార్చి ఆగస్టు 4ని జాతి నిర్మాతల దినం చేసింది. సెప్టెంబర్ 21 సెలవుగానే ఉంది కానీ ఎన్‌క్రుమా స్మారక దినంగా మారింది. అదే సవరణతో జనవరి 7 రాజ్యాంగ దినం కొత్తగా వచ్చింది, జూలై 1, మే 25 ఆఫ్రికా దినం సెలవు హోదా పోగొట్టుకున్నాయి. ఇప్పుడు జాన్ మహామా ప్రభుత్వం మళ్లీ వెనక్కి తిప్పింది.

ఆగస్టు 4కి కారణం లేకపోలేదు. 1897లో ఆ రోజున బ్రిటిష్ వాళ్ల భూముల చట్టాన్ని ఎదిరించడానికి కేప్ కోస్ట్ పెద్దలు ఆదివాసుల హక్కుల రక్షణ సంఘం పెట్టారు. సరిగ్గా యాభై ఏళ్లకి, 1947 ఆగస్టు 4న, జె.బి.డాంక్వా వాళ్లు యునైటెడ్ గోల్డ్ కోస్ట్ కన్వెన్షన్ పార్టీ పెట్టారు. ఎన్‌క్రుమా విదేశాల నుంచి తిరిగొచ్చింది ఆ పార్టీకి కార్యదర్శిగానే. 1949లో విడిపోయి సొంత పార్టీ పెట్టుకున్నాడు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం తెచ్చిన ప్రధాని అయ్యాడు. ఆయన పాలనలోనే, విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద జైలుకి వెళ్లిన డాంక్వా 1965లో జైల్లోనే చనిపోయాడు. మరుసటి ఏడాదే ఎన్‌క్రుమాని సైన్యం దించేసింది. ఒక వర్గానికి ఎన్‌క్రుమా తండ్రి. ఇంకో వర్గానికి తమ పెద్దని జైల్లో పోగొట్టిన మనిషి. అకుఫో-అడో తండ్రి కూడా ఆ స్వాతంత్ర్య పోరాటంలో ఆరుగురు పెద్దలుగా చెప్పుకునే వాళ్లలో ఒకరు. రెండు వైపులా నిజమైన బాధే ఉంది. ఒక సెలవు రోజు ఆ బాధని తీర్చలేదు, ఎవరిది పైచేయో చెప్పగలదు అంతే.

ఇది కొత్త అలవాటు కూడా కాదు. సైన్యం నుంచి వచ్చి పాలించిన జెర్రీ రాలింగ్స్ రోజుల్లో 1979 తిరుగుబాటుకి గుర్తుగా జూన్ 4, 1981 కుట్రకి గుర్తుగా డిసెంబర్ 31 జరిపేవారు. 1993లో ప్రతిపక్షం డిసెంబర్ 31 మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చిన రోజును ప్రజల డబ్బుతో పండగ చేయడం కొత్త రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఆ రోజు నిలిచేది. జూన్ 4 ఆ తరవాత జాన్ కుఫోర్ అధికారంలోకి వచ్చాక పోయింది.

తెలంగాణ వాళ్లకి ఇదేమీ దూరపు కథ కాదు. సెప్టెంబర్ 17ని ఒకరు విమోచన దినం అన్నారు, ఒకరు జాతీయ సమైక్యతా దినం అన్నారు, ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంటోంది. ఒకే రోజు ఒకే హైదరాబాద్‌లో వేరువేరు జెండా వందనాలు. 1948లో ఆ రోజున ఏం జరిగిందో తమ ఇంట్లో విన్నవాళ్లు, సాయుధ పోరాటంలో మనుషుల్ని పోగొట్టుకున్న పల్లెలు, ఆ తరవాత ప్రాణభయంతో దాక్కున్న ముస్లిం కుటుంబాలు... వీళ్లెవరి జ్ఞాపకమూ ఆ పేర్లలో పూర్తిగా ఇమడదు. ఆగస్టు 4, సెప్టెంబర్ 21 గొడవ గురించి అక్రా పేపర్లలో చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చేది.

ఊరంతా గొంతు తగ్గించే నెల

ఇప్పుడు జాబితాలో లేని హోమోవో దగ్గరికి వస్తాను. అక్రా నగరం ‘గా’ అనే తెగవాళ్ల నేల. వలస వస్తున్న రోజుల్లో తిండి లేక మాడిపోయారని, వానలు పడి పంట చేతికొచ్చాక ఆకలిని ఎగతాళి చేసి తరిమారని వాళ్ల పెద్దలు చెప్తారు. ఆ ఎగతాళే హోమోవో. ఆగస్టులో వస్తుంది కానీ దాని పని మేలోనే మొదలవుతుంది. వులోమోలనే పూజారులు మొక్కజొన్న, చిరుధాన్యం విత్తనాలు నాటే తంతు చేస్తారు. ఆ రోజు నుంచి దాదాపు నెల పాటు అక్రాలో డోలు కొట్టకూడదు, పెద్ద చప్పుడు చేయకూడదు. మొలక పెరిగే వేళ దేవతలకి, నేలకి ప్రశాంతత కావాలి.

ఇదేదో మారుమూల పల్లెలో పాటించే కట్టుబాటు కాదు. విమానాశ్రయం, మంత్రుల ఆఫీసులు, అయిదు నక్షత్రాల హోటళ్లు ఉన్న రాజధానిలో! నగరపాలక సంస్థ ఏటా ప్రకటన ఇస్తుంది. ప్రార్థనలు చర్చి లోపల, మసీదు లోపల చేసుకోవాలి, బయట పెట్టిన లౌడ్‌స్పీకర్లు తీసేయాలి, ఎవరైనా మీరితే గుర్తింపు కార్డులున్న బృందం, పోలీసులు తప్ప సొంతంగా ఎవరూ వెళ్లి గొడవ చేయకూడదు. రేడియోలో చదువుతారు, పేపర్లో వేస్తారు.

ఈ ప్రకటన ఊరికే రాలేదు. 1998లో కోర్లె బూ ప్రాంతంలో ఒక పెద్ద చర్చి మీద దాడి జరిగింది. నిషేధం ఉన్న రోజుల్లో ఆరాధనలో వాద్యాలు వాయించారని కొందరు యువకులు లోపలికి చొరబడ్డారు. ఆ తరవాత కొన్నేళ్లు మే నెల వస్తుందంటే నగరంలో టెన్షన్. చర్చి సంఘాలు, గా సంప్రదాయ మండలి, ప్రభుత్వం కూర్చుని మాట్లాడుకుంటే, మెల్లమెల్లగా ఈ ఏర్పాటు కుదిరింది.

మా ఇంటి ఓనరమ్మ ఒక పెంటెకోస్తు చర్చిలో పెద్ద. ఆమెది అక్రా కాదు, కుమాసి వైపు. శుక్రవారం రాత్రంతా వాళ్ల చర్చిలో డ్రమ్ములు, పాటలు, తెల్లారే దాకా ప్రార్థన. ఆ నెలలో మాత్రం చప్పట్లు కూడా అదుపులో ఉండేవి. ఆమెకి ఇది ఏమాత్రం ఇష్టం లేదు. ఒకరోజు నాతో చాలా కోపంగా అంది: "నా దేవుణ్ని స్తుతించడానికి ఇంకొకరి పూజారి అనుమతి ఎందుకమ్మా?" దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. రాజ్యాంగం మత స్వేచ్ఛ ఇచ్చింది. హోటళ్లలో పాడి బతికే బ్యాండు వాళ్లకి ఆ నెల ఆదాయం పడిపోతుంది. వాళ్ల ఇబ్బంది కూడా ఇబ్బందే.

అయినా నేను ఆ నిషేధం వైపే ఉన్నాను. 1877లో బ్రిటిష్ వాళ్లు రాజధానిని కేప్ కోస్ట్ నుంచి అక్రాకి మార్చినప్పటి నుంచి గా తెగవాళ్ల భూమి కొద్దికొద్దిగా ఆఫీసులకి, కాలనీలకి, రోడ్లకి పోతూనే ఉంది. సొంత ఊళ్లోనే వాళ్లు తక్కువమంది అయిపోయారు. మార్కెట్లో వాళ్ల భాష కన్నా ట్వి ఎక్కువ వినిపిస్తుంది. అలాంటి చోట ఏడాదికి ఒక్క నెల నగరమంతా, రాష్ట్రపతి భవనం దాకా, ఈ నేల మొదట ఎవరిదో గుర్తుపెట్టుకుని గొంతు తగ్గిస్తుంది. ఒక్క రోజు సెలవు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? బ్యాంకులు మూసేవారు, ఉన్నవాళ్లు లబాడీ బీచ్‌కి వెళ్లేవారు. హోమోవో ఎందుకొచ్చిందో ఎవరూ అడిగేవారు కాదు. నిషేధం ఉంది కాబట్టే కుమాసి నుంచి వచ్చిన మా ఓనరమ్మ దాని గురించి తెలుసుకోవాల్సి వచ్చింది, కోపంతోనైనా సరే.

హోమోవోకి ముందు గురువారం పల్లెల్లో ఉన్న గా కుటుంబాలు పంట మూటలు, కూరగాయలు పట్టుకుని నగరంలోకి వస్తాయి. జేమ్స్‌టౌన్ వైపు ఆ రోజు రోడ్డు మీద నడవడం కష్టం. శనివారం ఇంటింటా క్పోక్పోయి వండుతారు. పులియబెట్టిన మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి, పామాయిలుతో కలిపి, చేపలు వేసిన ఆయిల్‌పామ్ కాయల పులుసుతో తింటారు. రాజు వీధుల్లో నడుస్తూ చనిపోయిన పెద్దల కోసం ఆ వంటకాన్ని నేల మీద చల్లుతాడు. ఆ ఏడాదిలో కుటుంబంలో ఎవరైనా పోయి ఉంటే ఏడుపులు కూడా వినిపిస్తాయి. తెల్లారితే ఇళ్లకి వెళ్లి పలకరించుకుంటారు, మాటల్లేని అన్నదమ్ములు మాట్లాడుకోవాల్సిందే.

మా వీధిలోని గా తెగ ఇల్లాలు ఒక గిన్నెడు క్పోక్పోయి మాకు పంపింది, ఒక గిన్నెడు ఓనరమ్మకి కూడా పంపింది. ఓనరమ్మ తినలేదు. పెద్దల ఆత్మలకి పెట్టింది తినకూడదని వాళ్ల చర్చి మాట. కానీ గిన్నె కడిగి ఖాళీగా తిప్పి పంపలేదు. ఒక క్రేటు మినరల్స్ (కూల్‌డ్రింకుల్ని అక్కడ అలాగే అంటారు) పనబ్బాయి నెత్తిన పెట్టి పంపింది. ఏ చట్టమూ ఆమెతో ఆ పని చేయించలేదు.

1962లో మొదలైనదీ సంప్రదాయమే

సెలవు లేకుండా పండగ బతుకుతుందా అనే అనుమానం ఉన్నవాళ్లకి వోల్టా ప్రాంతంలో అన్లోగా ఊరు జవాబు చెప్తుంది. అక్కడి అన్లో ఎవే ప్రజల పెద్ద పండగ హోగ్బెత్సొత్సొ, నవంబర్ మొదటి శనివారం. ఇప్పుడు టోగోలో ఉన్న నోత్సేలో అగోకోలి అనే క్రూరమైన రాజు కింద వీళ్ల పూర్వీకులు ఉండేవారట. ఊరి చుట్టూ మట్టిగోడ. ఆడవాళ్లు వాడిన నీళ్లన్నీ గోడలో ఒకే చోట పోస్తూ వచ్చారు. మట్టి మెత్తబడ్డాక ఒక రాత్రి దాన్ని పొడిచి బయటపడ్డారు. అడుగుజాడల్ని చూసి లోపలికే వచ్చారనుకోవాలని వెనక్కి నడుచుకుంటూ వెళ్లారు. పండగలో ఆ వెనకడుగు నాట్యంలో కనిపిస్తుంది. పండగకి ముందు పెద్దల మధ్య, కుటుంబాల మధ్య ఉన్న తగాదాలు తీర్చుకునే తంతు జరుగుతుంది, ఊళ్లన్నీ ఊడుస్తారు.

కథ ఎప్పటిదో కానీ పండగగా అది మొదలైంది 1962లో. మా అమ్మ పెళ్లి నాటికి ఇంకా కొత్త పండగే అన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది. సంప్రదాయం అంటే ఎప్పుడూ మనకి పాతకాలంవాళ్లు అప్పజెప్పిందే అయ్యుండాలని లేదు, ఒక తరం కూర్చుని ఆలోచించి మొదలుపెట్టవచ్చు. అక్కడి పెద్దలు మొదలుపెట్టారు, జనానికి నచ్చింది, నిలిచింది. అక్రాలో, కుమాసిలో, లండన్‌లో ఉన్న అన్లో వాళ్లు ఆ శనివారానికి టికెట్లు కొనుక్కుంటారు.

శనివారం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. విన్నెబాలో ఎఫుటు ప్రజల అబోఆచిర్ కూడా మే మొదటి శనివారమే. తువాఫో, దెంత్సిఫో అనే రెండు దళాలు తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి, ఆయుధం లేకుండా ఉత్త చేతులతో ఒక అడవి జింకని ప్రాణాలతో పట్టి ముందుగా రాజు ముందు పెట్టడానికి పోటీ పడతాయి. ఇలా పండగలు శనివారాల్లో ఉండటం వల్ల ఉద్యోగస్థులు సర్కారు దయ మీద ఆధారపడకుండా వెళ్లి రాగలుగుతున్నారు. అయితే ఘనాలో శనివారమే చావు కర్మలు కూడా. ఎరుపు, నలుపు బట్టలు కట్టుకున్న జనంతో బస్సులు నిండి ఉంటాయి. ఒక్క శనివారం మీద ఎంత బరువు పడుతోందో చూస్తే, సెలవు అడిగేవాళ్లని తప్పు పట్టలేం.

నా వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది. ఈస్టర్ అచ్చమైన సర్కారు సెలవు, క్రైస్తవ పండగ. కానీ క్వాహు కొండల వాళ్లు దాన్ని తమ ఊరి పండగ చేసుకున్నారు. క్వాహు వాళ్లంటే ఘనాలో వ్యాపారస్థులు. ఏడాదంతా అక్రాలో దుకాణాలు నడుపుతారు. గుడ్ ఫ్రైడే నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు కలిసొస్తే, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు, వాళ్ల దుకాణాల షట్టర్లు దిగిపోతాయి. ఊళ్లో ఇంటి తగాదాలు తేల్చుకుంటారు, బడికో ఆస్పత్రికో చందాలు పోగుచేస్తారు, పెళ్లి మాటలు నడుస్తాయి. 2005లో టూరిజం శాఖ ఒద్వేనోమా కొండ మీద పారాగ్లైడింగ్ పెట్టాక సంబంధం లేని జనం కూడా వేలల్లో వెళ్తున్నారు. ఇక్కడ సర్కారు సెలవే సంప్రదాయానికి చోటిచ్చింది. ఇది కాదనలేను. కాకపోతే సర్కారు ఇచ్చింది నాలుగు రోజుల ఖాళీ మాత్రమే. ఆ ఖాళీని ఎలా నింపుకోవాలో క్వాహు వాళ్లే తేల్చుకున్నారు.

రెండు మచ్చుకత్తులు, ఒక జత గంబూట్లు

సర్కారు సొంతంగా పుట్టించిన రోజుల్లో నాకు పూర్తిగా నచ్చింది రైతుల దినం. డిసెంబర్ మొదటి శుక్రవారం. 2024లో మాత్రం ఎన్నికలు అడ్డొచ్చి నవంబర్‌కి జరిపారు.

1983లో ఘనా అల్లాడిపోయింది. వానల్లేవు, కార్చిచ్చులు పొలాల్ని, కోకో తోటల్ని కాల్చేశాయి. అదే ఏడాది మొదట్లో నైజీరియా లక్షలమంది ఘనా వాళ్లని వెళ్లగొట్టడంతో వాళ్లంతా ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. కంఠం దగ్గర బయటికొచ్చిన ఎముకలకి జనం రాలింగ్స్ హారం అని పేరు పెట్టుకున్నారు. మా ఆఫీసులో పాతవాళ్లు ఆ ఏడాది గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారిపోయేది. మరుసటి ఏడాది వానలు పడ్డాయి, రైతులు దేశానికి తిండి పెట్టారు. అందుకు కృతజ్ఞతగా 1985లో ఈ రోజు మొదలైంది. మొదటి ఉత్తమ రైతుకి ఇచ్చిన బహుమతి రెండు మచ్చుకత్తులు, ఒక జత గంబూట్లు, ఒక రేడియో. ఆ తరవాత ట్రాక్టర్, పికప్ ట్రక్కు, మూడు పడకగదుల ఇల్లు దాకా పెరిగింది.

మొదలుపెట్టింది సైనిక ప్రభుత్వం. దాని జూన్ 4 పోయింది, డిసెంబర్ 31 పోయింది, రైతుల దినం మాత్రం ఏ పార్టీ వచ్చినా చెక్కుచెదరలేదు. వేదిక మీద ఎవరున్నా ఆ రోజు పేరు వాళ్లది కాదు, మొక్కజొన్న పండించినవాళ్లది, చేప పట్టినవాళ్లది. బహుమతి ఇచ్చే అధ్యక్షుడు మారతాడు, పుచ్చుకునేవాళ్లు ఎప్పుడూ రైతులే. హోమోవోకి, దీనికి మూలం ఒకటే: ఆకలి చూసి బయటపడటం. ఒకటి తెగ పెట్టుకుంది, ఒకటి ప్రభుత్వం పెట్టింది. ఆకలిని ఏ పార్టీ తన ఖాతాలో వేసుకోగలదు?

అయితే ఇక్కడా నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఉంది. ఆ శుక్రవారం ఆఫీసులు మూస్తారు, నా జీతాల లెక్కలో సెలవు పడుతుంది. పొలంలో రైతుకి సెలవుందా? మకోలా మార్కెట్లో టమాటా బుట్టల ముందు కూర్చున్న అమ్మలకి, ఉత్తరాది నుంచి వచ్చి నెత్తి మీద మూటలు మోసే కయాయే అమ్మాయిలకి, ట్రొట్రో వ్యాన్ల డ్రైవర్లకి సెలవుందా? ఘనాలో ఎక్కువమంది బతికేది ఇలాంటి పనుల మీదే. సెలవుల చట్టం మీద పార్లమెంటులో జరిగే వాదన అంతా నెల జీతం తీసుకునే మాలాంటి కొద్దిమంది గురించి. ఏ రోజు సెలవైనా, కాకపోయినా మకోలా అమ్మలు కొట్టు తెరవాలి. కానీ వాళ్లే హోమోవోకి, హోగ్బెత్సొత్సొకి, ఈస్టర్‌కి కొట్టు కట్టేసి ఊరెళ్తారు. ఆ రోజు బేరం పోతుందని తెలిసే వెళ్తారు.

స్టోర్స్ చూసే పెద్దాయన అన్న మాట

మా కంపెనీలో స్టోర్స్ చూసే పెద్దాయనది గా తెగ, ఓసు వాసి. నా ఆలోచన ఆయనకి ఒకసారి చెప్పాను, మీ పండగ జాబితాలో లేకపోవడమే మంచిదని. ఆయన నొచ్చుకున్నాడు. "మేడమ్, ఏసు పుట్టింది మా ఊళ్లో కాదు. మక్కా మా దేశంలో లేదు. వాటికి నా పిల్లల బడి మూస్తారు. బడి కట్టిన నేల దేవుడికి మూయరు. నా పిల్లలు దీన్నుంచి ఏం నేర్చుకుంటారు?" అన్నాడు.

ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎందుకంటే ఇదే మాట మేము తెలంగాణలో అన్నాం. బతుకమ్మ, బోనాలు ఊళ్లలో ఎప్పుడూ ఆగలేదు. కానీ చాలాకాలం అవి టీవీల్లో, పాఠాల్లో, రాజధాని ఆఫీసుల్లో చిన్నచూపుకి గురయ్యాయి. 2014లో రాష్ట్ర పండగలని ప్రకటించినప్పుడు మా అమ్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎక్కువ సెలవు దొరికిందని వచ్చిన నీళ్లు కావు. గుర్తింపు అనేది ఉత్త కాగితం ముక్క అని నేను ఎలా అనగలను?

కానీ ఆ తరవాత ఏమైందో కూడా చూశాను. బతుకమ్మకి పంచే చీర ఏ ప్రభుత్వం పంచింది, ఏ రంగు, ఎంత నాణ్యత అనేది ఎన్నికల ఉపన్యాసాల్లో భాగమైంది. తంగేడు, గునుగు పూలు ఏరుకొచ్చే పని మీద కన్నా వేదిక మీద ఎవరు బతుకమ్మ ఎత్తుకున్నారన్న దాని మీద కెమెరాలు తిరిగాయి. పండగ చెడిపోయిందని నేను అనను, వాకిట్లో ఆడేవాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. గుర్తింపుతో పాటు హక్కుదారు కూడా వస్తాడు అంటున్నాను. హోమోవోకి అలాంటి హక్కుదారు ఇంకా రాలేదు. రేపు దాన్ని జాతీయ సెలవు చేస్తే, పక్కన ఎవే వాళ్లు, ఎఫుటు వాళ్లు, దగోంబా వాళ్లు మా సంగతేంటని అడుగుతారు. అడగాలి కూడా. డెబ్భైకి పైగా భాషలున్న దేశంలో ఆ వరస ఎక్కడా ఆగదు. ఎవరిది పెద్ద పండగ అనే లెక్కలోకి పార్టీలు దిగితే, ఎన్‌క్రుమా పుట్టినరోజుకి జరిగిందే వీటికీ జరుగుతుంది.

ఆయన బాధకి మందు వేరే చోట ఉందని నాకు అనిపిస్తుంది. మా కంపెనీ సెలవు ఫారంలో కారణం రాసే గడి ఉండేది. అందులో జనం ఎక్కువగా అంత్యక్రియలు అని రాసేవారు. ఘనాలో చావుకి వెళ్తానంటే ఏ మేనేజరూ కాదనడు. విన్నెబా నుంచి వచ్చిన మెషీన్ ఆపరేటర్ ఏటా మే మొదటి వారంలో అంత్యక్రియలనే రాసేవాడు. అతను జింకని పట్టే దళంలో మనిషి అని అందరికీ తెలుసు. స్టోర్స్ పెద్దాయన ఒక్కడే ఆ గడిలో హోమోవో అని రాసేవాడు. రెండుసార్లు ఆయన సెలవు మేనేజర్ ఆపేశాడు. ఆర్డర్లు ఎక్కువున్నాయి, పండగ అత్యవసరం కాదు అన్నాడు. గుడ్ ఫ్రైడేకి ఆ మాట ఎవరైనా అనగలరా?

మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఐచ్ఛిక సెలవులనే ఏర్పాటు ఉంది. ఒక పెద్ద జాబితాలోంచి ఎవరికి కావలసినవి వాళ్లు ఐదు దాకా ఎంచుకోవచ్చు. దానిలోనూ లోపాలున్నాయి, ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామందికి అది అందదు. అయినా దాని వెనకున్న ఆలోచన మంచిది. ఘనా కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 15 పని దినాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. వాటికి తోడు ఇంకో రెండు రోజులు, సొంత ఊరి పండగ కోసం, కారణం గడిలో ఆ పండగ పేరే రాసి, ఎవరూ కాదనడానికి వీల్లేకుండా ఇస్తే చాలు. ఏ పండగ గొప్పదో పార్లమెంటు తేల్చనక్కర్లేదు. దాంబాకి వెళ్లేవాళ్లు తమాలే బస్సెక్కుతారు, హోమోవో వాళ్లు జేమ్స్‌టౌన్ వెళ్తారు. అక్రాలో వినాయకుణ్ని సముద్రంలో కలిపే ఆఫ్రికన్ హిందువులు తమ రోజు తాము రాసుకుంటారు, అక్కడి మన తెలుగువాళ్లు ఉగాది రాసుకుంటారు. బడి పిల్లలకి కూడా ఇదే వర్తించాలి. పెద్దాయన పిల్లలు ఆ రోజు బడికి రాకపోతే రిజిస్టర్‌లో గైర్హాజరు పడకూడదు, మరుసటి రోజు టీచరు వాళ్లని నిలబెట్టి ఏం వండారో అందరికీ చెప్పమనాలి.

మకోలా అమ్మలకి ఇది ఉపయోగపడదు. వాళ్లకి జీతమూ లేదు, ఫారమూ లేదు. వాళ్ల కోసం నగరపాలక సంస్థ చేయగలిగేది ఒకటుంది: పండగకి కొట్టు కట్టేసిన రోజులకి మార్కెట్ పన్ను వసూలు చేయకపోవడం. చిన్న మొత్తమే. కానీ రోజువారీ బేరం మీద బతికేవాళ్లకి ఆ రోజు ఇంటికెళ్లే బస్సు చార్జీలో కొంతైనా అది కలిసొస్తుంది.